తప్పు వస్తే మొదటి నుంచి

పైనుంచి తుమ్ము వినిపించగానే ఆవిరమ్మ చేతిలోని ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

తుమ్మింది ఆమె కూతురే. అందులో అనుమానం లేదు. పై అంతస్తు గదిలో వయొలిన్ వాయిస్తూ, మూడో వరస చివర స్వరం సాగదీసే చోట చిన్నగా తుమ్మింది. క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ అందుకుంది. పిల్లలన్నాక తుమ్మరా? తుమ్ముతారు. కానీ నిన్న కూడా మూడో వరస చివరే తుమ్మింది. మొన్న కూడా అక్కడే. జలుబు చేసిందేమోనని మొన్న అన్నం తినేటప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే పిల్ల విసుక్కుంది. "నాకేం లేదమ్మా, బాగానే ఉన్నాను!"

నిజమే. పిల్లకి జలుబు లేదు.

ఇస్త్రీపెట్టె కింద చొక్కా కాలరు మాడు వాసన వేస్తే గానీ ఆవిరమ్మ ఈ లోకంలోకి రాలేదు. గబుక్కున పెట్టె ఎత్తి పక్కన పెట్టింది. చెవులు మాత్రం పైకప్పుకే అతుక్కుపోయాయి.

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. లాండ్రీ షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఆవిరి మేఘంలోనే ఉంటుంది కాబట్టి ఆవిరమ్మ. కింద లాండ్రీ, పైన ఇల్లు. భర్త గూడ్సు రైలు డ్రైవరు. ఇంట్లో కంటే పట్టాల మీదే ఎక్కువగా ఉంటాడు. ఆయన చెల్లెలు అమ్మడు లాండ్రీలో సగం పని చేస్తుంది, రెండింతలు మాట్లాడుతుంది. పదకొండేళ్ళ మేనకోడలు ఒక్కచోట కుదురుగా నిలవదని దానికి 'మిడత' అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

అలాంటి మిడత వయొలిన్ చేతికి రాగానే స్తంభంలా నిలబడిపోయింది. "మీ పిల్లకి మంచి చెవి ఉందమ్మా. కానీ చెవి ఒక్కటే చాలదు. రోజూ సాధన చెయ్యాలి. రోజూ అంటే రోజూ," అన్నారు మాస్టారు.

ఆ మాట ఆవిరమ్మకి శాసనమైపోయింది. సాయంత్రం అయిదయ్యేసరికి పైన వయొలిన్ మోగాల్సిందే. కింద ఇస్త్రీ చేస్తూ ఆమె వింటుంది. ఎత్తున వేలాడే బట్టల్ని దించడానికి చివర కొక్కెం ఉన్న పొడుగాటి కర్ర ఒకటి ఇస్త్రీ బల్లకి ఆనించి ఉంటుంది. పైన స్వరం తప్పిందా, ఆ కర్రతో పైకప్పుని టకటకా పొడుస్తుంది. ఆ చప్పుడుకి తల్లీకూతుళ్ళ మధ్య ఒకటే అర్థం. తప్పు వచ్చింది, మళ్ళీ మొదటి నుంచి వాయించు.

"తప్పు వచ్చిన చోటే ఆగి, ఆ ముక్కనే నెమ్మదిగా పదిసార్లు చెయ్యనివ్వండమ్మా. ప్రతిసారీ మొదటికి పంపకండి," అని మాస్టారు చెప్పకపోలేదు. ఆవిరమ్మ చెవిన వేసుకోలేదు. చొక్కా మీద ఒక్క ముడత మిగిలినా మొత్తం తడిపి మళ్ళీ ఇస్త్రీ చేసే మనిషి ఆమె. దాంతో పాఠంలో మొదటి పేజీ పిల్లకి నిద్రలో కూడా వస్తుంది. రెండో పేజీ దాకా వెళ్ళిన రోజులే తక్కువ.

సోమవారం సంగీత పాఠశాలలో ప్రవేశ పరీక్ష ఉంది. విచిత్రంగా ఈ వారం పైనుంచి ఒక్క తప్పూ లేదు. ఆవిరమ్మ కర్ర ముట్టుకోలేదు.

"చూశావా, అంతా కర్ర మహిమ!" అని నిన్న ఆడపడుచుతో గొప్పగా అంది.

"మహిమే వదినా, మహిమ కాక మరేంటి!" అంటూ అమ్మడు మొహం అటు తిప్పుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో ఆవిరమ్మ అడగలేదు.

ఇవాళ కూడా అంతా మామూలుగానే మొదలైంది. అమ్మడు హోటలు దుప్పట్లు వ్యానులో వేసుకుని వెళ్ళింది. పైన వయొలిన్ మొదలైంది. ఆవిరమ్మ సబ్బుపొడి కోసం వెనక నడవాలోకి వెళ్ళింది. అక్కడ మెషిన్ల మోతకి పక్క మనిషి మాట కూడా వినపడదు. నడవా చివర ఆరబెట్టే గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కింద చెక్కముక్క అడ్డం పెట్టి ఉంది. మెషిన్లో పట్టని పెద్ద తెరలూ తివాచీలూ డ్రైక్లీనింగ్ మందుతో తుడిచి ఆ గదిలో వేలాడదీస్తారు. పొద్దున్నే ఒక నాటకశాల తెరలు వచ్చాయి. "వేడంతా బయటికి పోతోంది. ఈ అమ్మడికి ఎన్నిసార్లు చెప్పినా అంతే," అని గొణుక్కుంటూ ఆవిరమ్మ చెక్కముక్కని కాలితో తన్ని తలుపు లాగేసింది. తలుపు గట్టిగా పడింది. లోపలివైపు పిడి విరిగి చాలా రోజులైంది. బాగుచేస్తానన్న మనిషి రేపు మాపు అంటున్నాడు.

అది జరిగి పావుగంట కూడా కాలేదు.

ఇప్పుడు ఆవిరమ్మ ఊపిరి బిగబట్టి వింటోంది. పైన పాఠం ముగిసింది. మళ్ళీ మొదలైంది. ఒకటో వరస అయింది. రెండో వరస అయింది. మూడో వరసలో స్వరం సాగుతోంది.

వద్దు, తుమ్మొద్దు అనుకుంది ఆవిరమ్మ.

తుమ్ము వచ్చింది. క్షణం మౌనం. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. మళ్ళీ వయొలిన్.

ఆమె కర్ర అందుకుని పైకప్పుని పొడిచింది. పైన వయొలిన్ ఆగలేదు. ఈసారి పెచ్చులు రాలేలా పొడిచింది. అయినా ఆగలేదు. కర్ర చప్పుడుకి ఆగకుండా ఆ ఇంట్లో వయొలిన్ ఏనాడూ మోగలేదు.

ఆవిరమ్మ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. తలుపు తోసింది.

గదిలో ఎవరూ లేరు.

పుస్తకం పెట్టుకునే స్టాండు మీద భర్త పాత ఫోను ఉంది. దాని పక్కన గుప్పెడంత నల్లటి స్పీకరు ఉంది. వయొలిన్ అందులోంచి వస్తోంది. మంచం మీద వయొలిన్ పెట్టె తెరిచి ఉంది, లోపల ఖాళీ. వెనక వైపు ఇనప మెట్లకి దారితీసే తలుపు గడియ తీసి ఉంది. పిల్ల చెప్పులు లేవు.

"మిడతా!"

స్నానాలగదిలో, మంచం కింద, బీరువా వెనక, అన్నిచోట్లా చూసింది. ఎక్కడా లేదు. ఫోను మాత్రం నిక్షేపంగా వాయిస్తోంది. దాన్ని ఆపేసింది. ఆ నిశ్శబ్దం ఆమెను ఇంకా భయపెట్టింది.

స్పీకరుని చేతిలోకి తీసుకుంది. ఇది తమది కాదు. కొత్తది. పిల్లకి ఎవరిచ్చారు? తల్లి చెవుల్ని ఇలా మోసం చెయ్యొచ్చని ఎవరు నేర్పారు? ఇది పదకొండేళ్ళ పిల్ల బుర్రకి ఒంటరిగా తట్టే పని కాదు. వెనక ఎవరో పెద్దవాళ్ళున్నారు. ఎవరో రోజూ ఈ టైముకి పిల్లని ఇంట్లోంచి రప్పించుకుంటున్నారు.

ఆ ఆలోచన రాగానే ఆవిరమ్మకి ముచ్చెమటలు పట్టాయి. మాస్టారికి ఫోను చేసింది.

"మాస్టారూ, మా పిల్ల మీ దగ్గరికొచ్చిందా?"

"ఇవాళ క్లాసు లేదుగా అమ్మా. ఈ టైముకి ఇంట్లో సాధన చేసుకుంటూ ఉండాలి."

"ఇంట్లో లేదండీ."

"అదేంటి! ఈమధ్య బ్రహ్మాండంగా చేస్తోందే. మొన్న రెండో పేజీ వాయిస్తే నేనే నోరు తెరిచా. రోజూ గంటసేపు ఆ ఒక్క ముక్క మీదే పడితే గానీ అలాంటి పట్టు రాదమ్మా. ఎక్కడో కూర్చుని గట్టిగానే చేస్తోంది."

"ఎక్కడండీ?"

"మీ ఇంట్లో కాకపోతే ఇంకెక్కడమ్మా?" అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కూడా కంగారు మొదలైంది.

అమ్మడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతూ ఫోను తియ్యదు. తియ్యొద్దని చెప్పింది ఆవిరమ్మే.

ఇక నిలవలేకపోయింది. దడదడా కిందికి దిగింది. మెషిన్లు తిరుగుతుంటే షాపు వదిలి వెళ్ళకూడదన్నది ఆమె పెట్టిన నియమం. కాళ్ళు బయటికి లాగుతున్నా చెయ్యి అలవాటుగా మెయిన్ స్విచ్చు కిందికి లాగింది. మెషిన్ల మోత, దీపాలు, వెనకెక్కడో తిరిగే ఫ్యాన్ల హోరు, అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి, పిండే యంత్రం మూలుగు తప్ప. వెనక తలుపుకి గడియ పెట్టింది. ఆ మూలుగు ఆగేలోపే ముందు షట్టరు దించి తాళం వేసింది. తాళంచెవి మణికట్టుకి తగిలించుకుని వీధిలో పడింది.

వీధికి ఒకవైపు ఫ్యాక్టరీ గోడ అడ్డం. బయటికి పోవాలంటే ఉన్నది ఒకటే దారి. ఆ మలుపులో చెప్పులు కుట్టే ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటాడు.

"ఏంటమ్మా ఆ పరుగు? ఎవరి ప్యాంటు కాల్చేశావ్?" అన్నాడు నోట్లోని మేకులు తియ్యకుండానే.

"మా మిడత ఇటుగా వచ్చిందా?"

"లేదే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో బాబాయ్! చేతిలో వయొలిన్ ఉంటుంది. పక్కన ఎవరైనా ఉండొచ్చు. బండి మీద ఎక్కించుకుని..."

ఆమె మొహం చూసి ఆయన మేకులు అరచేతిలోకి ఉమ్మాడు. "అమ్మా, నేను మనుషుల మొహాలు మర్చిపోతానేమో గానీ కాళ్ళు మర్చిపోను. ఈ దారిన పోయే ప్రతి జత చెప్పులూ నేను కుట్టినవే. మీ పిల్ల చెప్పులకి ఎర్ర దారం వేశాను. పొద్దున బడికి పోయాయి, మధ్యాహ్నం తిరిగొచ్చాయి. మళ్ళీ బయటికి రాలేదు."

"వచ్చే ఉంటుంది. నువ్వు చూసుకోలేదు."

"రాలేదమ్మా. ఇవాళే కాదు, ఈ వారంలో ఏ సాయంత్రమూ రాలేదు. వీధి దాటలేదంటే వీధిలోనే ఉంది. ఇంట్లో సరిగ్గా చూశావా?"

ఇల్లంతా చూసింది. షాపులో తనే ఉంది. మరి పిల్ల గాలిలో కలిసిపోయిందా? ఆవిరమ్మ తిరిగి తమ ఇంటివైపు చూసింది. దించిన షట్టరు. మూసిన కిటికీలు. ఒక్కో ఇంటి తలుపూ తట్టాలా? ఎవరి ఇంట్లో ఏముందో ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళుగా బట్టలు ఇస్త్రీ చేయించుకున్న మొహాలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందు తిరిగాయి. ప్రతి మొహమూ ఇప్పుడు అనుమానంగానే కనిపించింది.

సరిగ్గా అప్పుడే మలుపు తిరుగుతూ తమ వ్యాను వచ్చింది. ఆవిరమ్మ దానికి అడ్డంగా పరిగెత్తింది. అమ్మడు బ్రేకు మీద నిలబడినంత పని చేసింది.

"వదినా! చావాలనుంటే వేరే బండి చూసుకో, నా మీదెందుకు..."

"పిల్ల లేదు! పైన ఫోను వాయిస్తోంది, పిల్ల లేదు!"

అమ్మడు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత, ఆశ్చర్యం, నాలుక కరుచుకుని నవ్వింది. "దొరికిపోయిందన్నమాట. అప్పుడే అనుకున్నా, ఆ తుమ్ము తీసేసి మళ్ళీ రికార్డు చేద్దామే అంటే వింటేగా!"

"నీకు తెలుసా?"

"స్పీకరు కొనిపెట్టిందే నేను. అరవకు వదినా, వీధి వీధంతా వింటోంది. దానికి నీ కర్రంటే హడలు. కర్ర ఎప్పుడు మోగుతుందా అని చెవి కిందకి పెట్టుకుంటే వేళ్ళు ఎలా ఆడతాయి చెప్పు? ఎవరికీ వినపడని చోటు కావాలత్తా, తప్పులు చేసుకోవాలి అని ఏడిస్తే మనసాగలేదు. ఎక్కడికీ పోలేదులే. మన ఆరబెట్టే గదిలోనే ఉంది. మెషిన్ల మోతలో ఎవరికీ వినపడదు. తలుపుకి చెక్కముక్క పెట్టాను, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది..." అని అమ్మడు ఆగింది. వీధి చివర దించి ఉన్న షట్టరు అప్పుడే ఆమె కంట పడింది. "వదినా. షట్టరు ఎందుకు దించావు?"

ఆవిరమ్మ తిరిగి షట్టరు వైపు చూసింది.

"మెషిన్లు తిరుగుతున్నాయా?"

"మెయిన్ ఆపేశాను."

"తలుపు? చెక్కముక్క ఉందిగా?"

"నేనే తీసేశాను," అంది ఆవిరమ్మ.

ఇద్దరి కళ్ళకీ ఒకేసారి ఆ గది కనిపించింది. మందు ఇంకా ఆరని తెరలు, మూసుకుపోయిన తలుపు, ఆగిపోయిన ఎగ్జాస్ట్ ఫ్యాను. ఆ మందు డబ్బా మూత తీసి వంగి వాసన చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. గదినిండా అదే.

అమ్మడు వ్యాను నడిరోడ్డు మీదే వదిలి దూకింది. ఇద్దరూ పరిగెత్తారు. వెనకనుంచి చెప్పులాయన ఏదో కేక వేశాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

లాండ్రీ పక్క సందు దగ్గరికి రాగానే ఆవిరమ్మ కాళ్ళు ఠక్కున ఆగాయి. వయొలిన్ వినిపిస్తోంది.

సన్నగా, ఎత్తు మీద ఉన్న ఫ్యాను జాలీలోంచి వస్తోంది. అది ఫోనులోని పాఠం కాదు. మొదటి పేజీ అసలే కాదు. ఆమె ఎప్పుడూ సరిగ్గా వినని ఏదో ముక్క, నెమ్మదిగా, ఒకటే మళ్ళీ మళ్ళీ. తప్పు వస్తోంది, అక్కడే ఆగుతోంది, అక్కడినుంచే మళ్ళీ పట్టుకుంటోంది. మధ్యలో దగ్గు.

"బతికే ఉంది!" అని అమ్మడు ఏడ్చేసింది.

కమాను జారినట్టు కీచుమన్న చప్పుడు. మళ్ళీ అదే ముక్క, ఇంకా నెమ్మదిగా. ఇన్నాళ్ళూ తప్పు కోసం చెవులు రిక్కించిన తల్లి, ఇప్పుడు తప్పైనా సరే వినపడితే చాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ షట్టరు దగ్గరికి ఉరికింది. తాళంచెవి కన్నంలో పడలేదు. రెండోసారి కూడా పడలేదు. అమ్మడు ఆమె చేతిని చేత్తో పట్టుకుని తిప్పింది. షట్టరు లేచింది.

"ముందు మెయిన్ వెయ్యి వదినా! ఫ్యాను తిరగాలి!"

ఆవిరమ్మ స్విచ్చు పైకి ఎగదోసింది. ఫ్యానుతో పాటు మెషిన్లన్నీ ఒక్కసారి గర్జించాయి. ఆ మోతలో వయొలిన్ మునిగిపోయింది. వాయిస్తోందో, పడిపోయిందో తెలిసే దారి లేదు.

"మెషిన్లు ఆపు! ఫ్యాను మాత్రం ఉంచు!" అని అరుస్తూ ఇస్త్రీ బల్ల దగ్గరి కర్ర లాక్కుని ఆమె నడవాలోకి దూసుకుపోయింది. ఆరబెట్టే గది తలుపు పిడి తిప్పి లోపలికి తోసింది. గడియ వచ్చింది గానీ తలుపు రాలేదు. అరచెయ్యంత సందు ఇచ్చి మెత్తగా దేనికో ఆనుకుపోయింది. ఆ సందులోంచి తియ్యటి ఘాటు వాసన గుప్పున మొహానికి కొట్టింది. లోపల తెరల దండెం విరిగి, తడి బరువుతో కుప్పగా తలుపు మీదే పడి ఉంది.

"మిడతా! నేనమ్మా! వచ్చేశానమ్మా!"

ఆ రొదలో తన అరుపు తనకే వినపడలేదు. వచ్చానని పిల్లకి ఎలా తెలియాలి? చేతిలో కర్ర ఉంది. తలుపు మీద టకటకా కొట్టింది.

ఒక మెషిను ఆగింది. రెండోది ఆగింది. పిండే యంత్రం మూలుగుతూ మూలుగుతూ నెమ్మదించి ఆగింది. ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది.

వయొలిన్ లేదు.

"ఆపేసింది," అంది అమ్మడు, గోడకి చేరబడుతూ. "వదినా, సందులో వినపడిందిగా. ఎందుకాపేసింది?"

ఆవిరమ్మ చేతిలోని కర్ర వంక చూసుకుంది. ఈ కర్ర చప్పుడుకి ఆ పిల్లకి తెలిసిన అర్థం ఒకటే. అందుకే ఆపిందా, లేక అంతకు ముందే పడిపోయిందా? కర్రకి భయపడి ఆపిందని ఇప్పుడు తెలిస్తే, ఈ జన్మలో అంతకంటే పెద్ద శుభవార్త ఉండదు.

"మిడతా, అది కాదమ్మా! తప్పని కొట్టలేదు! వాయించు తల్లీ, ఏదో ఒకటి వాయించు!"

లోపలినుంచి ఏమీ రాలేదు. ఫ్యాను తిరుగుతోంది. అమ్మడు రెండు చేతులతో నోరు మూసుకుంది.

అప్పుడు వినిపించింది. కమాను తీగ మీద ఆని, తడబడి, నిలదొక్కుకుంది. మొదటి స్వరం. రెండోది. మొదటి పేజీ, మొదటి వరస, మొట్టమొదటి నుంచి.

కర్ర మోగితే మొదటి నుంచి. పిల్ల నియమం తప్పలేదు.

ఆవిరమ్మ నోట్లోంచి ఏడుపూ కాని, కేకా కాని చప్పుడొకటి బయటికొచ్చింది. కర్రని తలుపు సందులో గుచ్చి ఒంటి బరువంతా దానిమీద వేసింది. అమ్మడు వచ్చి భుజం ఆనించింది. తెరల కుప్ప కొంచెం జరిగింది. కర్ర విల్లులా వంగింది. ఇంకా కొంచెం జరిగింది. ఫెళ్ళుమని కర్ర విరిగి ముక్క ఆమె చెంప గీరుకుంటూ పోయింది. అప్పటికి మనిషి అడ్డంగా దూరేంత సందు పడింది.

"నువ్వు పట్టవు, నేను పోతా," అని అమ్మడు తడిగుడ్డ మూతికి చుట్టుకుని పక్కకి తిరిగి దూరిపోయింది. "ఎప్పుడూ పుల్లలా ఉన్నావని తిట్టేదానివిగా, ఇదిగో!"

పిల్ల నేల మీద లేదు. గది మూల ఫ్యాను కింద బట్టల తోపుడుబండి నిలబెట్టి, దాని పై అరలోకి ఎక్కి, జాలీకి మొహం ఆనించి కూర్చుని ఉంది. అలా ఎక్కేటప్పుడు పట్టు కోసం లాగితేనే దండెం విరిగింది. మందు ఆవిరి బరువని, కిందికే దిగుతుందని లాండ్రీలో పుట్టిన పిల్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మొహం పాలిపోయింది. కళ్ళు సగం మూతలు పడుతున్నాయి. వయొలిన్ మాత్రం గడ్డం కిందే ఉంది.

అమ్మడు పిల్లని ఎత్తి సందులోంచి అందించింది. ఆవిరమ్మ పిల్లని భుజాన వేసుకుని వీధిలోకి పరిగెత్తింది. చెప్పులాయన అప్పటికే వ్యాను తాళంచెవితో షాపు ముందు నిలబడ్డాడు. గాలి తగలగానే పిల్ల ఆమె వీపు మీదే వాంతి చేసుకుంది. ఆవిరమ్మకి అంత హాయి ఎప్పుడూ కలగలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు కళ్ళలోకి లైటు వేసి చూసి, రక్తం పరీక్షలు చేయించి, ఇవాళ రేపు ఇక్కడే ఉంచుతామన్నాడు. ఫ్యాను దగ్గరికి ఎక్కి కూర్చోవడం వల్లే బతికి బయటపడిందన్నాడు. "ఇంకాస్త ఆలస్యమైతే..." అని మొదలుపెట్టి, తల్లి మొహం చూసి మిగతాది మింగేశాడు.

మాస్కు తీశాక పిల్ల మాట్లాడింది. గొంతు బొంగురుపోయింది.

"చాలాసేపు అరిచానమ్మా. గొంతు పోయింది. వయొలిన్‌కైతే గొంతు పోదు కదా అని..."

"మంచి పని చేశావు."

"రెండో పేజీలో ఆ ముక్క తప్పే వస్తోంది. అందుకే కర్ర కొట్టావు కదూ?"

ఆవిరమ్మ పిల్ల తల నిమిరింది. మంచం కాళ్ళ దగ్గర అమ్మడు ముక్కు గట్టిగా చీదుకుంది.

"అత్తా, నువ్వు కూడా మూడో వరస చివరే చీదావు," అంది పిల్ల.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం అయిదయ్యేసరికి మిడత తనంతట తనే వయొలిన్ తీసింది. "ఇవాళొద్దులే, పడుకో," అన్నా వినలేదు. రోజూ అంటే రోజూ అట. మాస్టారు పాఠశాల వాళ్ళతో మాట్లాడి పరీక్షని వారం వాయిదా వేయించారు.

ఆవిరమ్మ కిందికి దిగింది. ఆరబెట్టే గది తలుపు గుమ్మంలోంచి ఊడదీసి గోడకి ఆనించి ఉంది. ఫ్యానుకి వేరే వైరు లాగించింది, మెయిన్ ఆపినా తిరిగేలా. ఇస్త్రీ బల్ల పక్కన కర్ర ఉండే చోట ఇప్పుడేమీ లేదు.

పైన మొదలైంది. మొదటి పేజీ నున్నగా సాగిపోయింది. రెండో పేజీ వచ్చింది. వేలు జారింది. స్వరం తప్పింది. పైన వయొలిన్ ఆగిపోయింది.

కింద ఆవిరమ్మ చెయ్యి తనకి తెలియకుండానే బల్ల పక్కకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. పైనా నిశ్శబ్దమే. పిల్ల ఎదురుచూస్తోంది. తల్లి ఎదురుచూస్తోంది. నాకు వినపడుతోందని దానికి తెలుసు, అందుకే దాని చెయ్యి కదలడం లేదు అనుకుంది ఆవిరమ్మ.

ఆమె గబగబా వెనక నడవాలోకి వెళ్ళింది. పెద్ద మెషిను మీట తిప్పింది. దాని పక్కదీ తిప్పింది. పిండే యంత్రం కూడా వేసింది. నేల అదిరేలా మోత మొదలైంది.

అమ్మడు బట్టల మూటతో వచ్చి మెషిను అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. "వదినా, ఇందులో ఒక్క గుడ్డ కూడా లేదు! ఖాళీ మెషిను తిప్పుతున్నావేంటి, మతిగానీ పోయిందా?"

"ఏంటీ?" అని అరిచింది ఆవిరమ్మ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఖాళీ మెషిను అంటున్నా! ఖాళీ!"

"వినపడ్డం లేదే! నాకేమీ వినపడ్డం లేదు!"

అమ్మడు ఆమె వంక ఒక క్షణం చూసింది. తర్వాత మూట కింద పెట్టి, మూలనున్న పాత మెషిను దగ్గరికి వెళ్ళి దాన్ని కూడా వేసింది.